మూడో కెమెరాకు అడ్డం చీర

పెరట్లో సంపు చుట్టూ పోసిన సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు. తెల్లారి లేచి చూసేసరికి దాని మీద మనిషి పాదాల గుర్తులున్నాయి. గోడ వైపు నుంచి ఇంటి వైపు నాలుగు అడుగులు. ఇంటి వైపు నుంచి గోడ వైపు రెండే. పోయేటప్పుడు ఆ మనిషి పరిగెత్తాడన్నమాట.

గౌరునాయుడు తన కాలు ఆ గుర్తులో పెట్టి చూశాడు. పాదం అతనిది కాదు. వేలెడు పొడుగుంది.

ఇంట్లో ఏమీ పోలేదు. వంటింటి తలుపు గడియ పక్కన కొత్తగా గీత ఒకటి పడింది, అంతే. కానీ హైమావతి గుండెల్లో పడిన గీత చిన్నది కాదు. ఆమె ఉద్యోగం ఋషికొండ మీద. ఇల్లు గాజువాక అవతల. మధ్యలో విశాఖపట్నమంతా ఉంది. భర్తకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, షిఫ్టు నడిచినంతసేపూ ఫోను లాకర్లో పెట్టాల్సిందే. పగలు ఇంట్లో ఉండేది నాలుగేళ్ళ మోక్షిత, అరవై అయిదేళ్ళ అత్తగారు పైడితల్లి. ఆ గోడ దూకినవాడు ఈసారి పగలు దూకితే?

"కెమెరాలు పెట్టించేద్దాం," అన్నాడు గౌరునాయుడు.

ఆ ఆదివారం నలుగురూ మెయిన్ రోడ్డులో షాపుకి వెళ్ళారు. షాపతను గోడ నిండా వేలాడదీసిన కెమెరాలు చూపిస్తూ ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు.

"నాలుగు కావాలా సార్, ఎనిమిదా? లోపలికి గుండ్రటి డోము, బయటికి పొడుగు బుల్లెట్టు. చీకట్లో రంగులు కనబడాలా, నలుపు తెలుపు చాలా?"

"రికార్డింగు ఎన్ని రోజులుంటుంది?"

"నాలుగు కెమెరాలకి వన్ టీబీ డిస్కు వేస్తే పదిహేను రోజులండీ. ఆ తర్వాత పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది."

"దొంగతనం జరిగిందని పదహారో రోజున తెలిస్తే?"

"అయితే టూ టీబీ తీసుకోండి. నెల ఉంటుంది."

"ముప్పై రెండో రోజున తెలిస్తే?"

షాపతను హైమావతి వంక జాలిగా చూశాడు. "సార్ ఏం పని చేస్తారు మేడమ్?"

"ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇన్‌స్పెక్టరు."

"అదే అనుకున్నాను."

పైడితల్లి మనవరాలిని చంకనెత్తుకుని అంతా విని మూతి తిప్పింది. "దొంగోడు వొచ్చీసి ఎల్లిపోనాక ఆడి బొమ్మ సూసి ఏటి సేస్తావురా? ఫ్రేము కట్టించి దండేస్తావా?"

హైమావతి నవ్వలేదు. ఆ షాపులో ఉన్నవాటన్నిటినీ తలదన్నే రికార్డరు ఆమె ల్యాబులో బల్ల మీద ఉంది. దాని పేరు చూపరి. అప్పటికే పదకొండు ఇళ్ళలో పెట్టి పరీక్షిస్తున్నారు. పన్నెండో ఇల్లు దొరకలేదని కంపెనీ యజమాని పరంజ్యోతి సార్ వారం రోజులుగా గొణుగుతున్నాడు.

"ఏమండీ, ఇవేవీ వద్దు. మా కంపెనీది పెడదాం," అంది.

తాను ఆ మాట అనకుండా ఉండాల్సిందని హైమావతి తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

*

చూపరి చూడటానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. చేసే పని మాత్రం వేరు. మామూలు రికార్డరు కెమెరాకు కనిపించిందంతా రాసుకుంటుంది, అందుకే డిస్కు పదిహేను రోజులకే నిండిపోతుంది. చూపరి ముందు ఇంటిని నేర్చుకుంటుంది. ఎవరు ఎప్పుడు లేస్తారు, ఏ తలుపు ఎప్పుడు తీస్తారు, పిల్ల బంతి ఏ వైపు విసురుతుంది. నేర్చుకున్నాక తర్వాతి క్షణం ఏమవుతుందో తానే ఊహించుకుంటుంది. ఊహ నిజమైతే రాసుకోదు. తప్పితే ఆ తేడా ఒక్కటే రాసుకుంటుంది. ఏడాది రికార్డింగు గోరంత మెమరీ కార్డులో పట్టేస్తుంది.

"అమ్మా, నువ్వు సీరియలు చూస్తావు కదా," గౌరునాయుడు నిచ్చెన మీద నుంచి తల్లికి వివరించాడు. "రెండు వారాలు చూడకపోయినా కథ నీకు తెలిసిపోతుంది కదా. ఇదీ అంతే."

"తెలిసిపోద్ది. ఒక్కోపాలి సచ్చిపోయినోడు బతికి వొచ్చీస్తాడు. మీ డబ్బాకి అది తెలుసా?"

ఒకటో కెమెరా గేటు మీద, రెండోది హాల్లో, మూడోది పెరట్లో సంపు ఎదురుగా, నాలుగోది వంటింటి గుమ్మం దగ్గర. పరీక్ష పెట్టెలకు ఇంటర్నెట్ తగిలించకూడదు. పోటీ కంపెనీల కన్ను పడుతుందని పరంజ్యోతి భయం. రోజూ పొద్దున్న కార్డు తీసి ల్యాబుకి పట్టుకెళ్ళాలి. టైము కూడా చేత్తోనే కొట్టాలి.

"అమ్మా, టైమెంత?" అని అరిచాడు గౌరునాయుడు, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని.

పైడితల్లి హాల్లో గడియారం వైపు తలెత్తింది. "పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ."

అతను ఆ అంకెలే నొక్కాడు.

ఆ ఇంటి గోడ గడియారం పదిహేను నిమిషాలు ముందు నడుస్తుంది. పైడితల్లి భర్త అదే ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో తెల్లవారుజాము బస్సు తప్పిపోకుండా ఆమె తిప్పి పెట్టిన ముల్లు అది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఎవరూ వెనక్కి తిప్పలేదు. ఇంటిల్లిపాదికీ మనసులోనే పదిహేను తీసెయ్యడం అలవాటు. అంత అలవాటు కాబట్టే ఆ రోజు తీసెయ్యలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఇంతకీ ఇయి దొంగోడి మీదేటి, నా మీదేటి?" పైడితల్లి పెరటి కెమెరా కింద నిలబడి కోడలిని అడిగింది.

"అదేంటత్తా, అలాగంటారు?"

"పిల్లగుంటని నాను సరిగ్గా సూసుకోనని కాకపోతే పెరట్లో ఎందుకూ? దొంగోడు సంపులో నీల్లు దొంగిలిస్తాడేటి?"

హైమావతి నిచ్చెన పట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. అదే జవాబయింది. మర్నాటి నుంచి పైడితల్లి తన తడి చీరను సరిగ్గా మూడో కెమెరాకు అడ్డంగా తీగ మీద ఆరేయడం మొదలుపెట్టింది. గౌరునాయుడు కెమెరాను జానెడు పక్కకు జరిపాడు. మర్నాడు చీర కూడా జానెడు జరిగింది.

*

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం ఉదయం ల్యాబులో ఆదివారం నాటి కార్డు వేసి చూస్తున్న హైమావతి చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

తెర మీద తమ పెరడు. పైడితల్లి గిన్నెలు తోముతోంది. మోక్షిత బంతితో ఆడుతోంది. టైము పదిన్నర. అంతా మామూలే. కానీ ఆదివారం పదిన్నరకు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వింది తాను. అక్కడే, ఆ గట్టు మీదే. పైడితల్లి అప్పుడు పెరట్లో లేదు, బజారుకి వెళ్ళింది. పైగా ఆ పొద్దంతా ఆకుపచ్చ చీర కెమెరాకు అడ్డంగా వేలాడుతూనే ఉంది. కొబ్బరినూనె సీసా కోసం దాని కింద నుంచే వంగి వెళ్ళింది తాను.

తెర మీద చీర లేదు. తాను లేదు. జరిగింది ఒక్కటీ లేదు. జరగనిది మాత్రం గిన్నెల మీద నీళ్ళ మెరుపుతో సహా ఉంది.

"సార్!" అని పిలిచింది.

పరంజ్యోతి వచ్చి భుజం మీదుగా చూశాడు. యాభై దాటిన మనిషి, చూపరి కోసం ఇల్లు తాకట్టు పెట్టాడని ల్యాబులో అందరికీ తెలుసు. భయపడాల్సిన ఆ మనిషి ముఖం వెలిగిపోయింది.

"కెమెరాకు అడ్డం వస్తే తన ఊహతో నింపేస్తోంది హైమా! ఖాళీ లేదు, మచ్చ లేదు. ఎంత శుభ్రంగా ఉందో చూశావా?"

"నేనక్కడ ఉన్నాను సార్. ఇందులో లేను."

"మూడు ఆదివారాలే చూసింది కదా. ఇంకా నేర్చుకుంటుంది. ఏడో ఇంట్లో ఎంత బాగా నేర్చుకుందో! గొలుసు తీసిన పనిమనిషిని పట్టిచ్చింది. బీరువా తీసి, గొలుసు బొడ్లో దోపుకునే దాకా స్పష్టంగా ఉందట. పోలీసులే మెచ్చుకున్నారు. నూకరత్నమో ఏదో పేరు. ఆరేళ్ళుగా పనిచేస్తున్న మనిషట."

హైమావతి మనసు ఇంకా ఆకుపచ్చ చీర దగ్గరే ఉంది. ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

"అసలు సంగతి నీకింకా చెప్పలేదు," పరంజ్యోతి గొంతు తగ్గించాడు. "ఊహ ఒక్క క్షణం ముందుకే పోతుందనుకున్నాం. మీ ఇంట్లో పెట్టె ఊహ నలభై నిమిషాలు ముందుకు పోతోంది. అంటే జరగబోయేది అందులో ఉంది. గురువారానికి ఒక లైను వేయిస్తాను. ఊహనీ ప్రత్యక్ష ప్రసారాన్నీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూద్దాం."

"మా ఇంటినే ఎందుకు సార్?"

"మీ ఇంట్లో అందరూ గడియారంలా బతుకుతారు కాబట్టి," అన్నాడాయన నవ్వుతూ.

*

గురువారం మధ్యాహ్నం గౌరునాయుడు పెట్టెకు ఇంటర్నెట్ డాంగిల్ తగిలించి రెండు గంటల షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ల్యాబులో లైను కలిసేసరికి సాయంత్రం అయిదూ ముప్పై రెండయింది. రోజూ అయిదూ ముప్పై అయిదుకి హైమావతి టీ తాగుతూ ఇంటికి ఫోను చేస్తుంది. పిల్ల తిన్నదా, పడుకుందా అని రెండు ముక్కలు. పైడితల్లి ఫోను ఎప్పుడూ హాల్లో టీవీ పక్కన ఛార్జింగులోనే ఉంటుంది. ఆమె లోపలికి నడిచి వచ్చి అందుకుంటుంది.

తెర రెండు సగాలైంది. ఎడమ సగం ఊహ. కుడి సగం ప్రత్యక్షం. రెండింటిలోనూ మూడో కెమెరా.

"ముందుకు జరుపు," అన్నాడు పరంజ్యోతి.

హైమావతి ఎడమ సగాన్ని ముందుకు జరిపింది. ఆ రోజు కుళాయి వచ్చే రోజు. సంపు మూత తీసి ఉంది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడటానికి పైడితల్లి గట్టు పక్కన నిలబడింది. మోక్షిత పసుపు గౌనులో బంతి ఎగరేస్తోంది. పైడితల్లి ఉన్నట్టుండి ఇంటి వైపు తల తిప్పింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

బంతి జారింది. నీళ్ళు బయటికి పొర్లకూడదని మేస్త్రి వాలు సంపు వైపే పోశాడు. బంతి దొర్లుకుంటూ వెళ్ళి సంపులో పడింది. పిల్ల గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపింది. ఇంకొంచెం చాపింది.

తర్వాత గట్టు మీద ఎవరూ లేరు.

ఊహకు శబ్దం లేదు. నీళ్ళు నాలుగుసార్లు కదిలాయి. ఆగిపోయాయి. కింద అంకెలు చూసింది. అయిదూ యాభై. ఇంకో రెండు నిమిషాలు గడిచినా పైడితల్లి బయటికి రాలేదు.

హైమావతి చేయి ఫోను మీద పడింది. ఫోనులో టైము అయిదూ ముప్పై నాలుగు. ఇంకా పదహారు నిమిషాలు. దేవుడా, పదహారు నిమిషాలున్నాయి. అత్తా, మూత వేసెయ్యండి అంటే చాలు. ఒక్క మాట.

ఇంటికి ఫోను కొట్టింది.

అవతల రింగు మొదలైంది. కుడి సగంలో, ప్రత్యక్షంలో, పైడితల్లి సంపు గట్టు పక్కన నిలబడి ఉంది. తెర అంచున ఆకుపచ్చ చీర కొస గాలికి కొట్టుకుంటోంది. పిల్ల పసుపు గౌనులో బంతి ఎగరేస్తోంది.

రెండో రింగు. పైడితల్లి ఇంటి వైపు తల తిప్పింది.

'అమ్మయ్య, వినబడింది' అనుకుంది హైమావతి.

పైడితల్లి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

ఆ తల తిప్పడం, ఆ కొంగు తుడుచుకోవడం ఇప్పుడే చూసింది తాను. ఎడమ సగంలో. కుడి సగం కింద అంకెలు చూసింది.

అయిదూ యాభై.

చేతిలో ఫోను చూసింది. అయిదూ ముప్పై అయిదు.

గోడ గడియారం. పదిహేను నిమిషాలు. టైమెంత అని అరిచిన మొగుడు, తలెత్తి చూసిన అత్త. అయిదూ యాభైకి పైడితల్లి ఎందుకు లోపలికి వెళ్ళిందో ఆ పెట్టెకు తెలుసు. రోజూ ఆ టైముకి ఫోను మోగుతుంది. మోగించేది తాను.

పిల్లను సంపు దగ్గర ఒంటరిగా వదిలేలా చేస్తున్నది ఈ రింగే.

మూడో రింగు మధ్యలో హైమావతి ఫోను కట్ చేసేసింది. కట్ చేసి, అది నిప్పన్నట్టు బల్ల మీదకు విసిరేసింది. రెండు చేతులూ వెనక్కి లాక్కుని తెర వంక చూసింది. పైడితల్లి ఒక కాలు గుమ్మంలో పెట్టి ఆగింది.

"తిరగండత్తా... వెనక్కి తిరగండి..."

సముద్రం గాలి విసురుగా వచ్చింది కాబోలు, ఆకుపచ్చ చీర ఉబ్బి తెరంతా కమ్మేసింది. ఒక్క రెప్పపాటు అంతా ఆకుపచ్చ.

మళ్ళీ తేటపడింది. గుమ్మంలో ఎవరూ లేరు. బంతి దొర్లుతోంది. పిల్ల బోర్లా పడుకుని చెయ్యి చాపింది. ఇంకొంచెం చాపింది.

గట్టు మీద ఎవరూ లేరు. నీళ్ళు నాలుగుసార్లు కదిలాయి.

ల్యాబులో ఆ కేక ఎవరిదో హైమావతికి తెలియలేదు. తనదేనని తర్వాత చెప్పారు.

*

పరంజ్యోతి కారు కొండ దిగి బీచ్ రోడ్డెక్కింది. హైమావతి ఫోను కొడుతూనే ఉంది. మోగుతోంది, ఎవరూ తియ్యట్లేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. ప్రతి రింగూ ఒక్కో నీటి కదలికలా ఉంది. ఎదురుగా బస్సు వెనక రాసిన అక్షరాలు చదువుతోంది, అర్థం కావట్లేదు. తొమ్మిదిసార్లు కొట్టింది. పదోసారి కొట్టడానికి వేలు లేవలేదు.

అప్పుడు ఫోనే మోగింది.

"ఏటే నీ గోల? మోగించి కట్ సేసీసావు. మల్లీ మోగించి మోగించి సంపీసావు. గుంటకి నీల్లోసి కాల్లు కడుగుతన్నాను, తడి సేతుల్తో ఎలా తీస్తాను?"

హైమావతి ఫోనును రెండు చేతులా చెవికి అదుముకుంది.

"ఇనబడతందా? ఒసే హైమా?"

"మోక్షిత... మోక్షితకివ్వండి..."

"ఇస్తాను గానీ ముందు నా మాట ఇను. ఈయేల నాకు గుండాగిపోనాది. నీ ఫోను మోగిందని లోపలికి ఎల్తన్నానా, ఆగిపోనాది. ఇదేటబ్బా అని ఎనక్కి తిరిగితే, ఇది గట్టు మీద బోర్లా పడుకుని బంతి కోసం సెయ్యి సాపుతంది. గౌను పట్టుకుని లాగీసాను. ఒక్క అడుగు ఆలిస్సెమయితే..." పైడితల్లి ముక్కు చీదిన చప్పుడైంది. "మూత తీసి లోపలికెల్దామనుకున్నాను సూడు, ముండని. తప్పు నాదే. నీ కెమెరాలో సూసీసుంటావు. తిట్టు, పడతాను."

ఫోను చేతులు మారింది.

"అమ్మా, నా బంతి నీల్లలో పడిపోనాది. నానమ్మ కొట్టింది."

హైమావతి సీటులో ముందుకు వంగి మోకాళ్ళలో తల పెట్టుకుంది. చాలాసేపటికి గుర్తొచ్చింది. పిల్ల పడిపోయిన ఆ దృశ్యంలో తెర అంచున చీర కొస లేదు. చీర కమ్మిన క్షణం నుంచి తాను చూసింది ప్రత్యక్షం కాదు.

*

మర్నాడు పొద్దున్న కార్డు తీసి ల్యాబులో వేసింది. ఊహను పక్కన పెట్టింది. అసలు రికార్డు, కంపెనీ ముద్రతో, ఎవరు అడిగినా ఇచ్చే రికార్డు తెరిచింది.

అందులో మోక్షిత మునిగిపోయింది.

చీర కెమెరాకు చుట్టుకుని ఏడు నిమిషాలు ఉండిపోయింది. ఆ ఏడు నిమిషాలూ పెట్టె తన ఊహనే నిజమని రాసుకుంది. మూత తీసి ఉంచి, పసిపిల్లను వదిలేసి, నానమ్మ లోపలికి వెళ్ళిపోయింది. పిల్ల పడింది. ఎవరూ రాలేదు. ఎనిమిదో నిమిషంలో చీర తొలగగానే పిల్ల నానమ్మ చంకలో ఎక్కడి నుంచో ఊడిపడింది. ఆ చివరి ముక్క ఎవరైనా చూస్తే కదా. ఒకవేళ పిల్లకు నిజంగానే మరో చోట ఏమైనా అయి ఉంటే, ఈ రికార్డు పైడితల్లిని ఏం చేసేది?

అప్పుడు దిగింది సోమవారం చెవిన పడిన మాట లోపలికి.

"సార్. ఏడో ఇంట్లో బీరువా ఎదురుగా ఉన్న కెమెరాకు ఏమైనా అడ్డం వస్తుందా?"

పరంజ్యోతి కళ్ళద్దాలు తీసి తుడవసాగాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"కిటికీ తెర," అన్నాడు చివరికి. "ఫ్యాను గాలికి ఊగుతుంది."

"నూకరత్నం రోజూ బీరువా తీస్తుందా?"

"బట్టలు మడతపెట్టి అందులో సర్దేది ఆమే. ఇంటావిడ గొలుసు అదే అరలో పెట్టేది." ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "పదకొండు రోజులుగా రిమాండులో ఉంది. హైమా, ఇది బయటికి పోతే మనం మూసుకోవాల్సిందే. నాలుగు నెలలు టైమివ్వు. సరిచేస్తాను. అసలు నిన్న మీ పాపను కాపాడింది కూడా ఈ పెట్టే కదా?"

ఆ మాట నిజం. అదే హైమావతిని ఎక్కువ భయపెట్టింది. ఈ పెట్టె చూపించకపోతే తాను రోజూలాగే అయిదూ ముప్పై అయిదుకి ఫోను చేసేది. మధ్యలో కట్ చేసేది కాదు. పిల్లను బతికించింది ఇదే. చనిపోయిందని రాసుకున్నదీ ఇదే. రెండింటికీ దానికి తేడా తెలియదు.

కార్డు తీసి పర్సులో వేసుకుంది. ఆయన అడ్డు రాలేదు.

ఇంటికి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుని అంతా చెప్పింది. పైడితల్లి గోడ గడియారం వంక చూసింది.

"అయితే ఆ డబ్బా నా మీద కూనీ కేసు రాసీసింది."

"రాసిందత్తా."

"ఆ నూకరత్నానికి పిల్లలున్నారా?"

"తెలీదు."

పైడితల్లి లేచి చెప్పులేసుకుంది. "పద. గుంటకి ఆ పసుపు గౌనే తొడుగు."

*

నూకరత్నం మీద కేసు పెట్టిన స్టేషన్లో ఎస్సై కుర్రవాడే, కొత్తగా వచ్చినట్టున్నాడు. బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి కంప్యూటరులో కార్డు పెట్టాడు. పైడితల్లి మనవరాలితో గోడవార బెంచీ మీద కూర్చుంది. హైమావతి ఏమీ చెప్పలేదు. "ముందు చూడండి సార్," అంది, అంతే.

అతను చూశాడు. బంతి దొర్లింది. గౌను గట్టు మీద నుంచి జారింది. నీళ్ళు కదిలి ఆగాయి. అతను వీడియో ఆపేసి తలమీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పాపేనా అమ్మా?"

"అవును సార్."

"ఎప్పుడు జరిగింది?"

"నిన్న సాయంత్రం."

"ఈ ముసలావిడ ఎవరు? ఇప్పుడెక్కడుంది?" అతను పెన్ను అందుకున్నాడు. "మూత తీసి పసిదాన్ని అలా ఎలా వదిలేసి పోయిందమ్మా? ఇంత స్పష్టంగా ఉంది. ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు."

"ఇలాంటి రికార్డరే సార్, నూకరత్నం గొలుసు తీసిందని చూపించింది," అంది హైమావతి. "అప్పుడు కూడా ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదనే అన్నారట."

ఎస్సైకి అర్థం కాలేదు. హైమావతి వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. పైడితల్లి బెంచీ మీద నుంచి లేచింది. ఆమె చెయ్యి విడిపించుకుని మోక్షిత పరుగున వచ్చి కుర్చీ ఎక్కి, బల్ల మీద మోచేతులు ఆనించి తెరలోకి చూసింది. అదే పసుపు గౌను. ఎడమ భుజం దగ్గర నిన్న నానమ్మ లాగినప్పుడు చిరిగిన కుట్టు.

ఎస్సై తెర వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. పైడితల్లిని ఇప్పుడు పోల్చుకున్నట్టున్నాడు, కుర్చీలో వెనక్కి జరిగాడు.

కీబోర్డుకి పిల్ల మోచెయ్యి తగిలిందో ఏమో, ఆపిన వీడియో మళ్ళీ నడిచింది. ఖాళీ గట్టు. నిశ్చలంగా నీళ్ళు. వాటి మీద ఎర్ర బంతి.

"అమ్మా, ఆ పాప నీల్లలో ఉండిపోనాది," అంది మోక్షిత, తెర మీద వేలు పెట్టి. "ఎవరూ తియ్యరేటి?"